వాన నీరు బోరులోకి ఎలా చేరుతుంది?

మన వార్షిక సంచికలో వేయించిన బోర్ల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది. పైపులోంచి నీళ్లు ఎగజిమ్ముతుంటాయి, చుట్టూ పిల్లలు నవ్వుతుంటారు. దాహం తీర్చడం కన్నా మంచి పని ఏముంటుంది? అది సదఖా జారియా అనీ, మనం పోయాక కూడా పుణ్యం అందుతూనే ఉంటుందనీ నమ్మి దాతలు తమ కష్టార్జితాన్ని ఇస్తారు. అయితే ఆ బోరు దగ్గరికి నాలుగో వేసవిలో వెళ్లి ఫొటో తీసేవాళ్లు ఉండరు. ఆ నాలుగో వేసవి ఎలా ఉంటుందో నేను చూశాను.

నేను పనిచేసిన ఒక పల్లె హైస్కూలులో ఒక దాత బోరు వేయించారు. మొదటి రెండేళ్లు నీళ్లకు కొదవ లేదు. మూడో ఏడు ఏప్రిల్‌లో ధార సన్నబడింది. నాలుగో ఏడు మార్చిలోనే మోటారు వేస్తే గాలి తప్ప నీళ్లు రాలేదు. పిల్లలు మళ్లీ ఇళ్ల నుంచి సీసాలు మోసుకురావడం మొదలైంది. ఇంకా లోతుగా ఇంకో బోరు వేయిద్దామని మరొక దాత ముందుకొచ్చారు. అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి నన్ను అడిగింది: "సార్, పోయినేడు వాన బాగానే పడింది కదా. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయినయ్?"

జలచక్రం పాఠం నేను ఏళ్ల తరబడి చెప్పాను. మబ్బు గీసి, వాన గీసి, నేలలోకి ఒక బాణం గుర్తు వేసి, పక్కన బావి బొమ్మ వేస్తాను. ఆ బాణం గీయడానికి అర సెకను కూడా పట్టదు. నీటి చుక్క నిజంగా ఆ దారిన నడవడానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. చాలా చుక్కలు మధ్యలోనే ఆగిపోతాయి. ఆ బాణం లోపల ఏం జరుగుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

నేలలో ఖాళీ ఉంది

గట్టిగా కనిపించే నేలలో దాదాపు సగం ఖాళీయే. మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. వాటిలో కొంత గాలి, కొంత నీరు ఉంటాయి. ఇసుక నేలలో ఖాళీ సుమారు 35 నుంచి 40 శాతం ఉంటే, బంకమట్టిలో 45 శాతానికి పైగా ఉంటుంది. ఈ మాట చెప్పగానే పిల్లలు ఒప్పుకోరు. "ఖాళీ ఎక్కువుంటే బంకమట్టిలోనే నీళ్లు తొందరగా దిగాలి కదా సార్" అంటారు.

మొత్తం ఖాళీ ఎంత ఉన్నా, నీరు దిగే వేగం ఒక్కొక్క సందు వెడల్పు మీద ఆధారపడుతుంది. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది. రేణువు ఎంత సన్నమో సందు కూడా అంత సన్నం. సన్నని గొట్టం వెడల్పును సగానికి తగ్గిస్తే, అందులోంచి పోయే నీరు సగం కాదు, పదహారో వంతు అవుతుంది. అందుకే కోట్ల సందులున్నా బంకమట్టి నీటిని అంత నిదానంగా వదులుతుంది.

తరగతిలో దీన్ని చూపించడం చాలా సులువు. మూడు నీళ్ల సీసాల అడుగు కోసి, తలకిందులుగా పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టాలి. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో నల్లరేగడి నింపి, మూడింటిలో ఒక్కో గ్లాసు నీళ్లు పోయాలి. ఇసుకలోంచి చూస్తుండగానే నీళ్లు కారతాయి. ఎర్రమట్టి కొంతసేపు ఆపి చుక్కలుగా వదులుతుంది. రేగడి మీద నీళ్లు బడి గంట కొట్టేదాకా నిలబడే ఉంటాయి. పోసేటప్పుడు పైకి బుడగలు రావడం కూడా పిల్లలకు చూపించాలి. లోపలి గాలి బయటికి పోతేనే నీటికి చోటు దొరుకుతుంది.

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెప్పే స్థూల లెక్క ఇది: తడిసిన ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా వాన నీటిని లోపలికి తీసుకోగలదు. గరప నేల 10 నుంచి 20, బంకనేల కేవలం 1 నుంచి 5 మిల్లీమీటర్లు తీసుకుంటాయి. ఇక్కడే ఆ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. గంటకు 10 మిల్లీమీటర్లు తాగగల నేల మీద ఒక్క గంటలో 40 మిల్లీమీటర్ల వాన దంచి కొడితే, 30 మిల్లీమీటర్లు వాగు దారి పట్టాల్సిందే. అదే 40 మిల్లీమీటర్లు నాలుగు గంటల పాటు ముసురుగా పడితే అంతా ఇంకుతుంది. వర్షపాతం పట్టికలో రెండు వానలూ ఒకటే. బోరుకు మాత్రం ఒకటి కాదు.

వాన ఆపే తలుపులు

నేల పైభాగం తలుపు లాంటిది. అది మూసుకుపోతే లోపల ఎంత చోటున్నా ప్రయోజనం లేదు. ఎర్ర చెలక నేలల మీద పెద్ద చినుకులు పడితే మట్టి గడ్డలు చితికి, సన్నని రేణువులు సందుల్లో కూరుకుపోయి, ఎండాక పెళుసు పొరలా గట్టిపడతాయి. తరువాతి వాన ఆ పొర మీద జారిపోతుంది. గడ్డి గానీ, రాలిన ఆకులు గానీ ఉంటే చినుకు దెబ్బను అవి కాచుకుంటాయి. వేర్లు కుళ్లిన దారులు, వానపాములు చేసిన బొరియలు నీటికి రాజమార్గాలు.

మా బడి ఆవరణలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించేది. పిల్లలు తొక్కి తొక్కి గట్టిపడిన ఆటస్థలంలో వాన వెలిశాక కూడా నీళ్లు నిలిచేవి. పదడుగుల దూరంలో వేపచెట్టు కింద అప్పటికే ఇంకిపోయి ఉండేవి. రెండూ ఒకే మట్టి, రెండింటి మీద పడింది ఒకే వాన.

రేగడి సంగతి వేరు. ఎండాకాలంలో అది నెర్రెలు విచ్చి, చేయి పట్టేంత పగుళ్లు ఇస్తుంది. తొలకరి నీరు వాటిలోంచి చకచకా లోపలికి దిగుతుంది. తడిసే కొద్దీ మట్టి ఉబ్బి పగుళ్లు మూసుకుంటాయి. ఆ తరువాత వచ్చే భారీ వానలకు తలుపు దాదాపు మూసినట్టే.

రెండు బలాల మధ్య నీరు

లోపలికి దిగిన నీటిని రెండు బలాలు లాగుతుంటాయి. ఒకటి భూమ్యాకర్షణ, ఇది కిందికి లాగుతుంది. రెండోది సన్నని సందుల పట్టు. దీపంలో వత్తి నూనెను పైకి పీల్చినట్టు, మట్టి సందులు నీటిని పైకీ పక్కకీ కూడా పీల్చి పట్టుకుంటాయి. సందు సన్నబడే కొద్దీ ఆ పట్టు బిగుస్తుంది.

మంచి వాన పడిన రెండు మూడు రోజులకు పెద్ద సందుల్లోని నీరు కిందికి జారిపోతుంది. చిన్న సందులు పట్టుకున్నది మాత్రం మిగులుతుంది. మన రైతులు "పదును" అనేది ఈ స్థితినే. మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్దవుతుంది, వేళ్లకు అంటుకోదు. ఈ నీరు పైరుది, చెట్టుది. బోరుకు చేరదు.

మీటరు లోతు నేల ఇలా పైరుకు పట్టి ఉంచే నీరు ఇసుక నేలల్లో 25 నుంచి 100 మిల్లీమీటర్లు, బంకనేలల్లో 175 నుంచి 250 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో నేల పీల్చుకుపోయి ఉంటుంది. కాబట్టి జూన్, జూలై వానలు ముందుగా ఈ బాకీ తీర్చాలి. బాకీ తీరాక పడిన వానే కిందికి జారుతుంది. తొలకరి బాగా పడినా బోరులో నీటిమట్టం కదలకపోవడానికి కారణం ఇదే. అలాంటప్పుడు "ఈ బోరు పని అయిపోయింది" అని తేల్చేయడం తొందరపాటు.

పొర మారితే నడక మారుతుంది

ఇది చాలామందికి తెలియని విషయం. పూలకుండీ అడుగున కంకర వేస్తే నీరు తొందరగా పోతుందని అనుకుంటాం. జరిగేది అందుకు విరుద్ధం. పైన సన్నమట్టి, కింద కంకర ఉంటే, నీరు ఆ హద్దు దాకా వచ్చి ఆగుతుంది. పై మట్టి సందుల పట్టు గట్టిది, కంకర సందులు పెద్దవి కాబట్టి వాటికి పీల్చే శక్తి లేదు. పైమట్టి దాదాపు పూర్తిగా నీటితో నిండాక గానీ కంకరలోకి చుక్క జారదు. గాజు గ్లాసులో మట్టి, కంకర పొరలుగా వేసి పక్క నుంచి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

కింద బంక పొర ఉంటే మరో చిక్కు. బంక నీటిని పీల్చుకుంటుంది గానీ నిదానంగా తప్ప వదలదు. పై నీరంతా దాని మీద నిలబడిపోతుంది. నీటి దారిలో ఎన్ని పొరలున్నా, వాటిలో అన్నిటికన్నా నిదానమైన పొరే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది.

ఇంకుడు గుంతలు చాలా చోట్ల పనిచేయకపోవడం వెనుక ఉన్న సూత్రం ఇదే. గుంత తవ్వి, కంకర, ఇసుక నింపి, మొదటి ఏడాది వదిలేస్తాం. వాన నీటితో కొట్టుకొచ్చిన ఒండ్రు ఇసుక మీద వేలెడు మందాన పేరుకుంటుంది. ఆ వేలెడు పొర వల్ల ఎనిమిది అడుగుల గుంత పనికిరాకుండా పోతుంది. ఏటా మే నెలలో ఆ పై పొరను గీకి తీసేసి, పై ఇసుకను కడిగో మార్చో వేస్తే గుంత మళ్లీ నీళ్లు తాగుతుంది. దీనికి ఇద్దరు కూలీల ఒక పూట పని చాలు.

డిజోన్ ఊరి ఇంజనీరు

నీరు ఇసుకలోంచి ఎంత వేగంగా పోతుందో మొదట కొలిచి సూత్రం చెప్పినవాడు హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు. ఆయన 1803లో డిజోన్ నగరంలో పుట్టాడు. ఆ ఊళ్లో మంచినీళ్లకు జనం పడే బాధ చూసి, 12 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊట నుంచి మూసిన కాలువ ద్వారా నీరు తెప్పించాడు. 1840లో ఆ నీరు ఊరికి చేరింది. ఆ పనికి తనకు రావలసిన ప్రతిఫలాన్ని ఆయన వదులుకున్నాడు. తరువాత ఇసుక నింపిన నిలువు గొట్టంలోంచి నీటిని పంపి, గంటలకొద్దీ కొలిచి, 1856లో ఫలితాలు ప్రచురించాడు.

ఆయన చెప్పింది మూడు ముక్కల్లో ఇది. నీటిని నెట్టే ఎత్తు తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది. నడవాల్సిన దూరం పెరిగితే తగ్గుతుంది. మిగిలినదంతా ఆ మట్టి స్వభావం మీద ఆధారపడుతుంది. నేల కింద నీటి లెక్కలన్నీ నేటికీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

మన కాళ్ల కింది రాయి

తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ రాళ్ల మీద ఉంది. పైన కొన్ని అడుగుల మట్టి, దాని కింద కుళ్లిన రాయి, అంటే మొరం, దాని కింద గట్టిరాయి. నీరు నిలిచేది మొరంలోనూ, గట్టిరాతి పగుళ్లలోనూ. లోతుకు పోయే కొద్దీ పగుళ్లు తగ్గుతాయి, సన్నబడతాయి. కాబట్టి "ఇంకో రెండు వందల అడుగులు వేస్తే నీళ్లు పడతాయి" అన్న మాట ఎప్పుడూ నిజం కాదు. పడినా, రాతిలో చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉండవచ్చు. నల్గొండ జిల్లా పల్లెలు పడిన బాధ మనకు తెలియనిది కాదు. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

పడిన వానలో ఎంత భాగం భూగర్భానికి చేరుతుంది? కేంద్రం నియమించిన భూగర్భజల అంచనా కమిటీ 1997లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, బంక తక్కువగా ఉన్న మొరం ప్రాంతాల్లో 11 శాతం, బంక ఎక్కువగా ఉన్న చోట 8 శాతం, తూర్పు తీరం ఒండ్రు నేలల్లో 16 శాతం. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో 11 శాతం అంటే 88 మిల్లీమీటర్లు. ఎకరం నేల మీద అది సుమారు మూడున్నర లక్షల లీటర్లు. గంటకు 1,500 లీటర్లు పోసే బోరును రోజుకు నాలుగు గంటలు నడిపితే ఏడాదికి దాదాపు 22 లక్షల లీటర్లు తోడతాం. అంటే ఒక్క చిన్న బోరు నిలవాలంటే ఆరెకరాల పైన పడిన వాన దానికే దక్కాలి. చుట్టూ ఇంకో పది బోర్లుంటే? ఆవరణంతా సిమెంటు చేస్తే?

బోరు నీటిని పుట్టించదు, తోడుతుంది. అది బ్యాంకులో చెక్కుబుక్కు లాంటిది. ఖాతాలో జమ చేసేది నేల పైభాగం.

బీదర్ చెప్పే పాఠం

ఈ జమ సంగతి మన పూర్వీకులకు తెలుసు. జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్‌లో బహమనీల కాలం నాటి కారేజ్ ఉంది. అది నేల కింద తొలిచిన సొరంగ కాలువ. ఇరాన్‌లో ఇలాంటివాటిని ఖనాత్ అంటారు. బీదర్ పీఠభూమి మీద సందులున్న ఎర్రని లేటరైట్ రాయి, దాని కింద నీరు అంతగా దిగని నల్ల బసాల్టు ఉన్నాయి. వాన నీరు లేటరైట్‌లోంచి ఇంకి, బసాల్టు మీద నిలబడి, పక్కకు జారుతుంది. ఆ దారి కనిపెట్టి, వాలుగా సొరంగం తవ్వి, గాలికీ పూడికతీతకూ మధ్య మధ్యలో నిలువు బావులు పెట్టారు. మోటారు లేకుండా నీరు దానంతట అదే వస్తుంది. ఎంత ఇంకితే అంతే వస్తుంది, అంతకు మించి తోడే వీలు లేదు. పూడిక పేరుకుని చాలాకాలం మూలపడినా, ఇటీవలి సంవత్సరాల్లో శుభ్రం చేయడం మొదలుపెట్టారు.

అక్కడివాళ్లు ముందు తమ రాయిని చదివి, ఆ తరువాత తవ్వారు.

దాతలు అడగవలసినవి

బోరుకు డబ్బు ఇచ్చే ముందు నాలుగు సంగతులు అడగండి.

మొదటిది, అక్కడ ఏ నేల? ఎర్ర చెలక అయితే ఆరేడు అడుగుల గుంతతో మొరం తగలవచ్చు. నల్లరేగడి అయితే ఆ పొర దాటి మొరం దాకా పోని గుంత వృథా. సముద్రతీర పల్లెల్లో నీటిమట్టం పైనే ఉంటే గుంత అవసరమే ఉండకపోవచ్చు.

రెండోది, పైకప్పు నీరు ఎటు పోతోంది? 200 చదరపు మీటర్ల పైకప్పు అంటే ఐదు సెంట్లు. 800 మిల్లీమీటర్ల వానలో ఐదో వంతు పోయిందనుకున్నా 1,28,000 లీటర్లు చేతికొస్తాయి. 36 సెంట్ల నేల సహజంగా ఇంకించే నీరు అంత. బడి, మదరసా, మసీదు కప్పులన్నీ ఇందుకు పనికొస్తాయి. వుజూ చేసిన నీరు కూడా మోరీలోకి పోకుండా చెట్ల పాదులకు మళ్లించవచ్చు.

మూడోది, మురికి కలుస్తుందా? మట్టి పొరల్లోంచి నిదానంగా దిగే నీటిలోని మలినాలను, క్రిములను ఆ మట్టే చాలావరకు వడకడుతుంది. ఎండిన బోరు కేసింగ్‌కు రంధ్రాలు చేసి నేరుగా నీరు దింపితే ఆ వడపోత తప్పిపోతుంది. అందుకే అందులోకి పైకప్పు నీరు మాత్రమే, అదీ ఇసుక, కంకరల గుండా పంపాలి. తొలి వాన నీటిలో పిట్టల రెట్టలు, దుమ్ము ఉంటాయి కాబట్టి దాన్ని బయటికి వదిలేయాలి. మరుగుదొడ్డి గుంతకు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి.

నాలుగోది, ఏటా పూడిక తీసేదెవరు? ఆ బాధ్యత ఒకరి మీద పెట్టి, ఆ ఖర్చును మొదటే పక్కన పెట్టండి.

మా బడికి వచ్చిన రెండో దాత నా మాట విని, లోతు బోరు ఆలోచన మానుకున్నారు. ఆ డబ్బులో కొంతతో పాత బోరు పక్కన గుంత తవ్వించి, పైకప్పు గొట్టాలు దానికి కలిపించారు. ఆటస్థలం చుట్టూ గడ్డి, చెట్లు పెట్టాం. నీళ్లు పొంగిపొర్లాయని చెప్పను. రెండు వానాకాలాలు గడిచాక ఆ బోరు ఏప్రిల్ చివరిదాకా పోసింది. మే నెలలో ఎలాగూ బడికి సెలవులు. ప్రశ్న అడిగిన అమ్మాయి అప్పటికి పదో తరగతి. మే మొదటివారంలో గుంత మీది ఒండ్రు గీకినవాళ్లలో ఆమె కూడా ఉంది.

వచ్చే ఏడాది సంచికలో బోరు ఫొటో పక్కన గుంత ఫొటో కూడా వేద్దాం. కింద ఒక వరుసలో మే నెల నీటిమట్టం ఎన్ని అడుగులో రాద్దాం. మనం ఇచ్చిన రూపాయి ఇంకా పనిచేస్తోందో లేదో ఆ అంకె చెబుతుంది.